‘సీ’ అంటే చూడడమేనా? ఒక ఇంగ్లీషు క్రియను సరిగ్గా వాడుకునే పద్ధతి

పెరట్లో వేపచెట్టు మీద ఎక్కడో కోయిల కూస్తూ ఉంటుంది. కిటికీ దగ్గర నిలబడిన పిల్లవాడు చాలాసేపు తల అటూ ఇటూ తిప్పి, చివరికి విసుగు పుట్టి లోపలికి వచ్చి, “ఎంత చూసినా కనబడలేదు” అంటాడు. ఈ మూడు మాటల వాక్యాన్ని ఒకసారి నిలిపి పరిశీలిస్తే, ఇంగ్లీషులో ‘సీ’ అనే క్రియ దగ్గర మనం చేసే పొరపాట్లలో సగానికి పైగా ఎక్కడ పుడుతున్నాయో తెలుస్తుంది. ‘చూసినా’ అన్నది పిల్లవాడు చేసిన ప్రయత్నం, ‘కనబడలేదు’ అన్నది ఆ ప్రయత్నానికి వచ్చిన ఫలితం. ఇంగ్లీషులో ఇదే మాట “ఐ లుక్డ్ అండ్ లుక్డ్, బట్ ఐ కుడ్‌న్ట్ సీ ఇట్” అవుతుంది. అంటే మనం ‘చూడు’ అన్న చోట ‘లుక్’ వచ్చింది, ‘కనబడు’ అన్న చోట ‘సీ’ వచ్చింది.

బడిలో మనందరికీ ‘సీ అనగా చూచుట’ అని నేర్పారు. అది తప్పు కాదు కానీ సగమే నిజం. ‘సీ’ ప్రధానార్థం కంటికి ఆనడం, అనగా కనబడడం. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగిలినవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. చిక్కు ఎక్కడంటే, కనబడే వస్తువు తెలుగులో కర్త అవుతుంది, చూసేవాడు ‘నాకు’, ‘నీకు’ అంటూ పక్కకు జరుగుతాడు. ఇంగ్లీషులో చూసేవాడే కర్త. అందుచేత “నాకు కొండ కనబడుతోంది” అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పదలచినప్పుడు ముందు ‘నాకు’ను ‘నేను’గా మార్చుకోవాలి, కొండను కర్మ స్థానంలోకి పంపాలి, ఆ తరువాతే క్రియను పెట్టాలి. అప్పుడు “ఐ కెన్ సీ ద హిల్” అనే వాక్యం సహజంగా వస్తుంది.

ఆ వాక్యంలో ‘కెన్’ ఎందుకు వచ్చిందని చాలామంది అడుగుతారు. ‘కెన్’ అంటే ‘గలను’ అని నేర్చుకున్నాం కాబట్టి “నేను కొండను చూడగలను” అని తిరిగి తెలుగు చేసుకుని, ఇందులో సామర్థ్యం ప్రసక్తి ఏముందని ఆశ్చర్యపోతారు. ఇక్కడ ‘కెన్’ శక్తిని చెప్పడం లేదు. ‘కనబడుతోంది’లోని ‘తోంది’ చేసే పనిని అది చేస్తోంది. మామూలు క్రియలకు ఈ క్షణంలో జరుగుతున్న పనిని చెప్పడానికి ‘ఇంగ్’ రూపం ఉంది కానీ, ‘సీ’ దాని ప్రధానార్థంలో ఆ రూపాన్ని తీసుకోదు. కాబట్టి “ఐ యామ్ సీయింగ్ ఎ హిల్” అనకూడదు. గతంలో అయితే ‘కుడ్’ వస్తుంది. రాజమండ్రి వంతెన మీద రైలు వెళుతున్నంతసేపూ కిటికీలోంచి గోదావరి కనబడుతూనే ఉందని చెప్పాలంటే “ఐ కుడ్ సీ ద గోదావరి” అనాలి. ఒక్కసారి చటుక్కున కంటబడి మాయమైన దానికి మాత్రం “ఐ సా” చాలు.

ఇక ‘వాచ్’ సంగతి. కదిలేదాన్ని, మారేదాన్ని కొంతసేపు అదే పనిగా చూస్తే అది ‘వాచ్’. క్రికెట్ మ్యాచ్, టీవీ, ఆడుకుంటున్న పిల్లలు అన్నీ దీని కిందకే వస్తాయి. “ఐ యామ్ సీయింగ్ టీవీ” అన్న వాక్యం మన ప్రాంతంలో ఎంత తరచుగా వినబడుతుందో, ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి అంత వింతగా ఉంటుంది. సినిమా విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. హాలుకు వెళ్ళి చూసినదాన్ని ‘సీ’ అనవచ్చు, ఇంట్లో టీవీలోనో ఫోనులోనో చూసినదానికి ‘వాచ్’ అనడం వాడుక. ఫోటోకు ‘లుక్ ఎట్’. ఫోను చేతికిచ్చి “సీ దిస్ ఫోటో” అనడం కన్నా “లుక్ ఎట్ దిస్ ఫోటో” అనడం మేలు. అయితే “హావ్ యు సీన్ దిస్ ఫోటో?” అనే ప్రశ్న నిక్షేపంగా సరైనదే. ఎందుకంటే అక్కడ మీరు ఎదుటివారిని చూడమనడం లేదు, ఇదివరకు ఇది మీ కంటబడిందా అని అడుగుతున్నారు.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయమవుతుంది. చూసి ఒక సంగతి తేల్చుకోవడం అనే అర్థంలో, అంటే వెనుక ‘ఇఫ్’, ‘హూ’, ‘వాట్’ వంటి మాటలు వచ్చినప్పుడు, ‘సీ’ని ఆజ్ఞగా కూడా వాడవచ్చు. “తలుపు దగ్గర ఎవరో చూడు” అన్నది “గో అండ్ సీ హూ ఈజ్ ఎట్ ద డోర్” అవుతుంది. “గ్యాస్ కట్టేశానో లేదో చూడు” అన్నది “సీ ఇఫ్ ఐ టర్న్‌డ్ ఆఫ్ ద గ్యాస్” అవుతుంది. ఇక్కడ మన ‘చూడు’, వారి ‘సీ’ ఒకే దారిన నడుస్తాయి. “పని రేపటికల్లా అయ్యేలా చూడండి” అన్నప్పుడు కూడా అంతే. దానికి “ప్లీజ్ సీ దట్ ద వర్క్ ఈజ్ ఫినిష్డ్ బై టుమారో” అన్నది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

కాలరూపాల విషయానికి వస్తే, ‘సీ’, ‘సా’, ‘సీన్’ అనే మూడింటినీ కంఠతా పట్టినవారు కూడా వాడేటప్పుడు తడబడతారు. తెలుగు ‘చూశాను’ రెండు పనులు చేస్తుంది: నిన్న చూసినదాన్నీ చెబుతుంది, జీవితంలో ఎప్పుడో ఒకసారి చూసి ఉన్న అనుభవాన్నీ చెబుతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ వేరు చేస్తుంది. ఎప్పుడు చూశారో చెబితే ‘సా’ మాత్రమే రావాలి: “ఐ సా చార్మినార్ ఇన్ 2019”. ఎప్పుడో చెప్పకుండా, చూసిన అనుభవం ఉందని మాత్రమే అంటే “ఐ హావ్ సీన్ చార్మినార్”. “ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే” అన్న వాక్యం మన ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది కానీ, ‘ఎస్టర్‌డే’ అన్న మాట నోటివెంట వచ్చిన మరుక్షణం ‘హావ్’ను విడిచిపెట్టాలి. అదే విధంగా “ఐ సీన్ ఇట్” అన్నది ఇంగ్లీషువారిలో కొందరి మాటతీరులో ఉన్నా, రాతలో తప్పు కిందే లెక్క. మరో చిన్న మాట: “నీకంత సీన్ లేదు” అన్నప్పటి సీన్‌కూ దీనికీ చుట్టరికం లేదు. అది నాటకరంగం నుంచి వచ్చిన సీను. వాట్సాప్‌లో ‘లాస్ట్ సీన్’ అని కనబడేదే మన క్రియ తాలూకు మూడో రూపం.

ఇక్కడి నుంచి కొంచెం సూక్ష్మమైన విషయం. ఒకరు ఒక పని చేయడాన్ని మనం చూసినప్పుడు ‘సీ’ తరువాత వచ్చే క్రియను రెండు రకాలుగా పెట్టవచ్చు. “ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్” అంటే అతను రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరేదాకా చూశానని. “ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్” అంటే అతను దాటుతుండగా నా కంటబడ్డాడని మాత్రమే. ఆవలికి చేరాడో, మధ్యలో వెనక్కి తిరిగాడో ఆ వాక్యం చెప్పదు. తెలుగులో ‘దాటడం చూశాను’, ‘దాటుతుండగా చూశాను’ అనే తేడా మనకు పుట్టుకతోనే తెలుసు కాబట్టి దీన్ని కొత్తగా నేర్చుకోనక్కరలేదు, ఏది దేనికి సరిపోతుందో గుర్తు పెట్టుకుంటే చాలు. దీన్ని వ్యాకరణ చాదస్తమని కొట్టిపారేయవద్దు. సాక్షి బోనులో నిలబడి సంచి తీస్తుండగా చూశాననడానికీ, తీయడం చూశాననడానికీ ఎంత తేడా ఉందో ఏ ప్లీడరును అడిగినా చెబుతారు. మొదటి రకం వాక్యంలో ‘టు’ రాకూడదు. “ఐ సా హిమ్ టు క్రాస్” తప్పు. విచిత్రంగా, అదే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చగానే ఆ ‘టు’ తిరిగి వచ్చి కూర్చుంటుంది: “హి వాజ్ సీన్ టు క్రాస్ ద రోడ్”. ఎందుకని అడిగితే నా దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదు, నాలుగుసార్లు పైకి చదివి నోటికి పట్టించుకోవడమే మార్గం.

కంటిచూపు నుంచి మనోనేత్రానికి వెళదాం. ఇంగ్లీషులో అర్థం కావడం కూడా ఒక రకమైన కనబడడమే. ఎదుటివారు ఏదైనా వివరిస్తున్నప్పుడు మధ్యమధ్య “ఐ సీ” అనడం మన ‘ఊఁ’, ‘అలాగా’, ‘ఓహో’ వంటి మాటలతో సమానం. దీన్ని స్వరంతో సహా నేర్చుకోవాలి. నెమ్మదిగా అంటే వింటున్నానని, తెగ్గొట్టినట్టు అంటే నీ సంగతి తెలిసిందిలే అని. “ఐ డోంట్ సీ వై” అంటే ఎందుకో నాకు బోధపడడం లేదని పైకి అర్థం. కానీ ఎక్కువ సందర్భాల్లో అది మర్యాదగా చెప్పే అభ్యంతరం. మీ పై అధికారి ఒక మెయిల్‌లో “ఐ డోంట్ సీ వై వి నీడ్ దిస్” అని రాస్తే, కారణం వివరించమని అడుగుతున్నారనుకుని రెండు పేజీల వివరణ పంపకండి. వద్దంటున్నారని గ్రహించండి. “యాజ్ ఫార్ యాజ్ ఐ కెన్ సీ” అన్నది ‘నాకు తెలిసినంతలో’ అనే అర్థంలో, “సీయింగ్ దట్” అన్నది ‘అయింది కాబట్టి’ అనే అర్థంలో వస్తాయి. ‘లెట్ మి సీ’ అనే మాట మాత్రం ఆలోచించుకోవడానికి ఒక క్షణం గడువు అడగడం. దానికి ఖచ్చితంగా మన ‘ఉండండి, చూద్దాం’ సరిపోతుంది.

మనుషులను కలుసుకోవడానికి కూడా ‘సీ’ వాడతారు. ఇక్కడ ‘మీట్’తో పేచీ వస్తుంది. మొదటిసారి పరిచయమైన వ్యక్తితో “నైస్ టు మీట్ యు” అనాలి, ఇదివరకే తెలిసినవారితో “నైస్ టు సీ యు” అనాలి. పరిచయం ఒక్కసారే జరుగుతుంది, చూపులు ఎన్నిసార్లయినా కలుస్తాయి. డాక్టరు, లాయరు, మేనేజరు వంటివారి దగ్గరకు పనిమీద వెళ్ళడం కూడా ‘సీ’యే. “యు షుడ్ సీ ఎ డాక్టర్” అంటే డాక్టరుకు చూపించుకోమని. తెలుగులో మనం డాక్టరుకు చూపించుకుంటాం, ఆయన మనల్ని చూస్తాడు. ఇంగ్లీషులో మనమే డాక్టరును ‘సీ’ చేస్తాం, ఆయనా మనల్ని ‘సీ’ చేస్తాడు. “ద డాక్టర్ విల్ సీ యు నౌ” అంటే లోపలికి రమ్మన్నారని. మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు మోకాలి నొప్పికి ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. నేను కారు పెట్టి వచ్చేలోగా కౌంటరులోని అమ్మాయి “హూ ఆర్ యు హియర్ టు సీ?” అని అడిగిందట. ఏ డాక్టరు దగ్గరకు వచ్చారని ఆ ప్రశ్నకు అర్థం. అమ్మ మాత్రం ఇంత దూరం ఎవరిని చూడడానికి వచ్చానో అడుగుతోందనుకుని, ముచ్చటపడి, “మై గ్రాండ్‌సన్” అని జవాబిచ్చింది. ఆ పిల్ల పాపం మనవడి పేరుతో డాక్టరు ఎవరైనా ఉన్నారేమోనని కంప్యూటర్లో వెతుకుతూ ఉండగా నేను వెళ్ళాను.

ఈ అర్థంలోనే ‘సీయింగ్’ అనే రూపం అనుమతి పొందుతుంది. “ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో” సరైన వాక్యం, ఎందుకంటే అది కంటిచూపు కాదు, కుదుర్చుకున్న కలయిక. అయితే ఇదే రూపం మరో అర్థంలోకి జారుతుంది, అక్కడ జాగ్రత్త అవసరం. “షి ఈజ్ సీయింగ్ సమ్‌వన్” అంటే ఆమె ఎవరితోనో ప్రేమ వ్యవహారంలో ఉందని. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజుల్లో విదేశీ సహోద్యోగితో “మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం” అని చెప్పబోయి “మై సిస్టర్ ఈజ్ సీయింగ్ బాయ్స్” అంటే, ఆయన మర్యాదకు ఏమీ అనకపోయినా, లోలోపల ఏమనుకున్నాడో మీరు ఊహించుకోవచ్చు. సంబంధాలు చూడడం ‘లుకింగ్ ఫర్ ఎ మ్యాచ్’. ‘సీయింగ్’ మరి రెండు చోట్ల కూడా వస్తుంది: లేనిది కనబడుతోందని భ్రమపడినప్పుడు “యు ఆర్ సీయింగ్ థింగ్స్” అంటారు, ఒక ధోరణి క్రమంగా పెరుగుతోందని చెప్పేటప్పుడు “వి ఆర్ సీయింగ్ మోర్ కేసెస్” వంటి వాక్యాలు వార్తల్లో వస్తాయి.

చిన్న చిన్న మాటలు ‘సీ’ పక్కన చేరినప్పుడు అర్థం పూర్తిగా మారిపోతుంది. వీటిలో ముందుగా నేర్చుకోవలసినది ‘సీ ఆఫ్’. ఊరికి వెళ్ళేవారిని స్టేషను దాకానో, శంషాబాద్ విమానాశ్రయం దాకానో వెళ్ళి సాగనంపడం దీని అర్థం. మనలో చాలామంది “సెండాఫ్ ఇచ్చాను” అంటారు కానీ, ‘సెండాఫ్’ ఉద్యోగ విరమణ సభ వంటి లాంఛనానికి తగిన మాట. తమ్ముణ్ణి విమానం ఎక్కించి వచ్చినప్పుడు “ఐ సా మై బ్రదర్ ఆఫ్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్” అనడం సహజం. ‘హిమ్’, ‘హర్’ వంటి సర్వనామం వస్తే అది తప్పనిసరిగా నడుమ కూర్చోవాలి. “ఐ సా హిమ్ ఆఫ్” అనాలి కానీ “ఐ సా ఆఫ్ హిమ్” అనకూడదు. ఇంటికి వచ్చినవారిని గుమ్మం దాకా దిగబెట్టడం ‘సీ టు ద డోర్’, రాత్రివేళ ఇంటి దాకా తోడు వెళ్ళడం ‘సీ హోమ్’. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘సీ ఆఫ్’కు ప్రత్యర్థిని తరిమికొట్టడం అనే అర్థం కూడా ఉంది, కాబట్టి క్రికెట్ వార్తల్లో ఈ మాట తగిలితే ఎవరో ఎవరినో రైలెక్కించారని అనుకోకూడదు.

‘సీ త్రూ’ మరీ తమాషాగా ఉంటుంది. మాటలు అవే, వరుస మారితే అర్థం మారుతుంది. “ఐ సా త్రూ హిమ్” అంటే అతని నాటకాన్ని పసిగట్టానని. “ఐ సా ఇట్ త్రూ” అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా పట్టు విడవకుండా పూర్తి చేశానని. ఇక “దిస్ మనీ విల్ సీ అస్ త్రూ ద మంత్” అంటే ఈ డబ్బుతో నెలాఖరు దాకా గట్టెక్కుతామని. ఈ మూడూ వేరు వేరు మాటలనుకుని విడివిడిగా నేర్చుకోవడమే నయం.

ఆఫీసులో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మూడు వాక్యాలు. “ఐ విల్ సీ” అంటే ‘చూస్తాను’. మన ‘చూస్తాను’లాగే ఇందులో అవుననీ లేదు, కాదనీ లేదు. ఒక పెద్దమనిషి చందా అడిగినవారితో చూద్దాంలే అన్నట్టు ఉంటుంది. “ఐ విల్ సీ అబౌట్ ఇట్” అంటే కనుక్కుంటాను, వీలవుతుందేమో ప్రయత్నిస్తాను అని. “ఐ విల్ సీ టు ఇట్” అంటే ఆ బాధ్యత నాది, నేను చేయిస్తాను అని మాట ఇవ్వడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ తేడా తెలియక, బిల్లు ఎప్పుడు చెల్లిస్తారని అడిగిన ఒక కంపెనీవారికి వినయంగా ఉంటుందనుకుని “ఐ విల్ సీ టు ఇట్” అని రాశాను. వారు దాన్ని హామీగా తీసుకుని వారం తిరగకముందే నా పై అధికారికి ఫోను చేశారు. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ అంత గట్టిగా అంటుకోలేదు.

ఎదురు దిక్కు నుంచి కూడా ఒకసారి పరిశీలించాలి. తెలుగు ‘చూడు’ చేసే పనులన్నీ ‘సీ’ చేయలేదు. రుచి చూడడం ‘టేస్ట్’, వాసన చూడడం ‘స్మెల్’, నాడి చూడడం ‘ఫీల్ ద పల్స్’, ఎదురు చూడడం ‘వెయిట్’. పిల్లల్ని చూసుకోవడం ‘లుక్ ఆఫ్టర్’. ‘చేసి చూడు’, ‘తిని చూడు’, ‘అడిగి చూడు’ అని మనం ఏ క్రియ పక్కన తగిలించినా ప్రయత్నమనే అర్థాన్ని ఇచ్చే ఆ ‘చూడు’కు ఇంగ్లీషులో ‘ట్రై’ వాడాలి. “ఐ విల్ ఆస్క్ అండ్ సీ” అని కొందరంటారు. అది మరీ తప్పని అనలేను, ఏమంటారో తెలుసుకుంటాననే అర్థంలో చెల్లుబాటవుతుంది. కానీ “ఈట్ అండ్ సీ” అంటూ అతిథికి గోంగూర పచ్చడి వడ్డిస్తే, ఆయన తిన్న తరువాత ఏం చూడాలా అని పళ్ళెం వైపు చూస్తాడు. “ట్రై సమ్” అనండి చాలు.

వార్తాపత్రికల ఇంగ్లీషు చదివేవారికి మరో ప్రయోగం తరచుగా ఎదురవుతుంది. అందులో చూసేది మనిషి కాదు, కాలమో స్థలమో. “1956 సా ద ఫార్మేషన్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్”, “2014 సా ద బర్త్ ఆఫ్ తెలంగాణ” వంటి వాక్యాల్లో సంవత్సరమే కర్త. వీటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు “2014 తెలంగాణ పుట్టుకను చూసింది” అని రాయడం ఈ మధ్య పత్రికల్లోనూ కనబడుతోంది, నాకది మింగుడుపడదు. “2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది” అంటే సరిపోయే చోట సంవత్సరానికి కళ్ళు పెట్టనవసరం లేదు. “దిస్ బిల్డింగ్ హాజ్ సీన్ బెటర్ డేస్” అన్న వాక్యం మాత్రం మన నుడికారానికి దగ్గరగానే ఉంది. ఒకప్పుడు బాగా బతికిన ఇల్లు అని మనమూ అంటాం.

నిఘంటువు తెరిచినప్పుడు ‘సీ’ కింద బిషప్పు పీఠం అనే అర్థం కనబడితే కంగారుపడవద్దు. వాటికన్‌ను ‘హోలీ సీ’ అనడంలో ఉన్నది ఆసనమనే అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చిన వేరే నామవాచకం, దానికీ కంటికీ సంబంధం లేదు. రంపాన్ని చెప్పే ‘సా’ కూడా అలాగే వేరు.

చివరగా వీడ్కోలు. “సీ యు” అన్నది మన ‘వెళ్ళొస్తాను’ లాంటిది. మళ్ళీ ఎప్పుడు కలుస్తారన్న లెక్క అందులో ఉండదు. అది స్నేహితుల మధ్య మాట, దరఖాస్తుల్లోనూ అధికారిక ఉత్తరాల్లోనూ పనికిరాదు. అక్కడ “ఐ లుక్ ఫార్వర్డ్ టు సీయింగ్ యు” అని రాస్తారు. ‘టు’ చూడగానే అలవాటుగా ‘సీ’ అని రాయబోతాం, కానీ ఈ వాక్యంలోని ‘టు’ తరువాత నామవాచకం రావాలి. “ఐ లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్” అన్నట్టే ‘టు సీయింగ్’. ఉద్యోగానికి ఉత్తరం రాసేటప్పుడు పంపే ముందు ఆ చివరి వాక్యంలో ‘ఇంగ్’ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.